మటన్ భయం సరే, రక్తం పడితే ఎవరు చూస్తారు?

సంపాదకులకు నమస్కారం.

'మాంసం తింటే క్యాన్సర్' అనే వీడియో వచ్చినప్పుడల్లా మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో గొడవే. ఇక మటన్ బంద్ అని ఒకరంటే, మన తాతలు తినలేదా అని ఇంకొకరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో చెప్పింది ఇదీ: సాసేజ్, సలామీ, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసం పెద్దపేగు క్యాన్సర్‌కు కారణమవుతుంది, రెడ్ మీట్ బహుశా కారణం కావచ్చు. రెడ్ మీట్ అంటే పెద్దకూరే అనుకుంటారు మన దగ్గర. మేక, గొర్రె కూడా అందులోవే. కోడి, చేప కావు.

రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం తింటే ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క. ఈ 'రోజూ' అనే మాట వీడియోల్లో ఉండదు. 18 శాతం అంటే వందలో 18 మందికి వస్తుందనీ కాదు. వందలో ఐదుగురికి వచ్చే చోట దాదాపు ఆరుగురికి వస్తుందని. ఆదివారం అరకిలో తెచ్చి నలుగురు తినే ఇల్లు భయపడాల్సింది తక్కువే. ఒట్టి తునకలు మాత్రం ఉప్పు పట్టించి ఎండబెట్టినవి కాబట్టి ప్రాసెస్డ్ లెక్కలోకే వస్తాయి, అప్పుడప్పుడూ తింటే చాలు. (నాకూ ఇష్టమే, ఏం చేస్తాం.)

ఇక నా అసలు బాధ. దేవరకొండ దగ్గర పల్లెలో ఉండే మా మేనమామ మటన్ తినేది పండగలకే. బీడీ, మందు మాత్రం రోజూ. మలంలో రక్తం పడితే మొలలే అనుకుని పసరు మందు మింగిండు. తర్వాత 'ఆపరేషన్ లేకుండా పైల్స్ నయం' అనే బోర్డు చూసి ఒక క్లినిక్‌కు పోయిండు. లోపల చూడకుండానే మాత్రలిచ్చి పంపారు. ఎనిమిది నెలల తర్వాత హైదరాబాద్‌లో కొలనోస్కోపీ (సన్నటి కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేస్తే పెద్దపేగు క్యాన్సర్ మూడో దశ అన్నారు. అన్ని నెలలూ సిగ్గుతో అత్తమ్మకు కూడా చెప్పలేదు.

30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం బీపీ, షుగర్‌తో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలు చేయిస్తోంది. అందులో పెద్దపేగు లేదు. మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే పరీక్ష పెద్ద ఖర్చుది కాదు. 45 దాటినవారికి దాన్ని పీహెచ్‌సీలోనే చేయొచ్చు. రక్తం కనపడుతూనే ఉన్నవాళ్లకు నేరుగా కొలనోస్కోపీ కావాలి. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, పల్లె నుంచి వచ్చినవాళ్లకు అక్కడే ఆలస్యం లేకుండా చేసే ఏర్పాటు చూడాలి.

మీ ఆరోగ్య పేజీకీ ఒక మనవి. ఈసారి మటన్ ముక్కల ఫొటోకు బదులు పెద్దపేగు క్యాన్సర్‌కు సూచన కాగల ఈ లక్షణాలు పెద్ద అక్షరాల్లో వేయండి: మలంలో రక్తం, వారాల తరబడి మలబద్ధకం లేదా విరేచనాలు, కారణం తెలియకుండా బరువు తగ్గడం, రక్తహీనత.

- ఒక పాఠకుడు, నల్లగొండ