మూస్ పెరిగితే అడవి పెరగదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం సంచికలో, ఆకులు మేసే పెద్ద జంతువులు పెరిగితే చలి దేశాల అడవులు ఎక్కువ కార్బన్‌ను పట్టి ఉంచుతాయని రాశారు. నేను పదకొండేళ్లుగా అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటున్నాను. గ్రాండ్ పోర్టేజ్‌లో పడవెక్కి సుపీరియర్ సరస్సులోని ఐల్ రాయల్ దీవికి రెండుసార్లు వెళ్లాను. అక్కడ కథ తిరగబడింది.

ఆ దీవిలో మూస్ అనే జింక జాతి జంతువులు ఉంటాయి. మన కణుజు కంటే చాలా పెద్దవి, గుర్రం కంటే ఎత్తు. ఆస్పెన్, బర్చ్ అనే ఆకురాల్చే చెట్ల లేత కొమ్మలంటే వాటికి ప్రాణం, చలికాలంలో సూదుల్లాంటి ఆకుల బాల్సం ఫర్ చెట్లతో సరిపెట్టుకుంటాయి, అలాంటిదే అయిన స్ప్రూస్ చెట్టు జోలికి మాత్రం పోవు. మా ఊరి బీడులో జీవాలు మేసి మేసి చివరికి తంగేడు పొదలే మిగిలినట్టు అక్కడ స్ప్రూస్ మిగులుతుంది. దాని సూదుల్లాంటి ఆకుల్లో నత్రజని తక్కువ, ఓ పట్టాన కుళ్లవు. కుళ్లకపోతే కార్బన్ నేలలోనే ఉంటుంది కదా అంటారేమో, కానీ అసలు రాలే ఆకే తగ్గిపోయి, నేలకు సత్తువ చాలక కొత్త చెట్లు సరిగ్గా ఎదగకపోతే ఏం లాభం? 1950 నాటికే అక్కడ కొన్ని చోట్ల మూస్ దూరకుండా కంచెలు వేశారు. దాదాపు 40 ఏళ్ల తర్వాత మట్టి తీసి పరీక్షిస్తే కంచె లోపల నత్రజని, సూక్ష్మజీవుల పని ఎక్కువగానూ, బయట తక్కువగానూ తేలాయి.

మీ వ్యాసంలో చెప్పిన సైబీరియా సంగతి వేరు. అక్కడి చెర్‌స్కీ ఊరి దగ్గర 1996 నుంచి రష్యా శాస్త్రవేత్త సెర్గీ జిమోవ్ గుర్రాలు, బైసన్‌లు (అడవి ఎద్దులు) తెచ్చి చేస్తున్న ప్రయత్నం గడ్డి నేల కోసం. అవి మంచును తొక్కితే చలి లోపలికి దిగి, గడ్డకట్టిన నేల కరగకుండా ఉంటుందని ఆయన వాదన. దాన్ని తెచ్చి అడవికి అతికించేస్తే ఎలా?

ఇంకో మాట. ఐల్ రాయల్‌లో మూస్‌ను వేటాడే తోడేళ్లు ఒక దశలో రెండే మిగిలాయి, మూస్ 2 వేలకు చేరాయి. 2018, 2019లలో బయటి నుంచి 19 తోడేళ్లను తెచ్చి వదిలాక మూస్ తగ్గుతూ 2024 నాటికి వెయ్యి లోపుకు వచ్చాయి. కార్బన్ లెక్క వేసేవాళ్లు ముందు చూడాల్సింది ఈ తోడేళ్ల సంగతే అని నా అభిప్రాయం. అంత పెద్ద వ్యాసంలో తోడేలు అన్న మాట ఒక్కసారి కూడా లేదు, సవరణ వేస్తారా?

- మీ పాఠకుడు, డులూత్, మిన్నెసోటా