వరదకు ముందే బ్రౌజర్ సర్దుకోండి

సంపాదకులకు,

గోదావరికి నీరు పెరుగుతోందనగానే ‘వదంతులు నమ్మవద్దు’ అన్న ప్రకటన పత్రికల్లో వస్తుంది. మంచిదే. ఆ వదంతి ఫోన్లోకి ఏ దారిన దూరుతోందో మాత్రం ఎవరూ చెప్పరు. వాట్సాప్ సంగతి అలా ఉంచితే, మిగతా చెత్తలో చాలావరకు ఇంటర్నెట్ చూసే బ్రౌజర్‌లో మనం అనుమతి ఇచ్చి తెచ్చుకున్నదే. లంకల్లో, అంటే గోదావరి నడుమ దీవుల్లో ఉన్నవాళ్లకు ఆ పూట కావలసినవి రెండే అంకెలు: భద్రాచలంలో నీటిమట్టం, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం. అక్కడ 43, 48, 53 అడుగులు, ఇక్కడ 11.75, 13.75, 17.75 అడుగులు వరసగా మూడు హెచ్చరికలు. ఈ రెండూ కనబడాలంటే ఇరవై అరుపులు దాటుకుని వెళ్లాల్సి వస్తోంది.

ముందు నోటిఫికేషన్ల పని పట్టాలి. పరీక్షా ఫలితాల పేరుతోనో, సినిమా డౌన్‌లోడ్ పేరుతోనో తెరుచుకునే పేజీల్లో ‘మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలో నొక్కండి’ అని ఉంటుంది. ఆ అలో రోబో పరీక్షకు కాదు, మీ ఫోన్‌కు ఎప్పుడంటే అప్పుడు ప్రకటనలు పంపుకోవడానికి. క్రోమ్ బ్రౌజర్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ అనే దారిలో వెళ్లి పైనున్న మీటను ఆపేయండి. చాలామంది ఇక్కడితో వదిలేసి, ‘ఆపినా వస్తున్నాయండీ’ అంటారు. ఆ మీట కొత్తగా అడిగేవాళ్లను మాత్రమే ఆపుతుంది. ఇదివరకు అనుమతి పొందిన సైట్లు కింది జాబితాలో అలాగే ఉంటాయి. ఒక్కొక్క పేరు మీద నొక్కి విడిగా బ్లాక్ చేయాలి. అలాగని ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్రోమ్ నోటిఫికేషన్లు మొత్తం కట్టేస్తే, ఫైలు దిగిందో లేదో చెప్పే కబురు కూడా పోతుంది.

కొత్త ట్యాబ్ తెరవగానే కింద వరస కట్టే డిస్కవర్ వార్తలు ఇంకో తలనొప్పి. వరద గురించి ఒక్కసారి వెతికితే చాలు, ఏ ఊరి వరదో, ఏ ఏటి వరదో తెచ్చి ముందు పెడుతుంది. ఆ శీర్షిక పక్కనున్న గుర్తు నొక్కి దాన్ని ఆపేయవచ్చు.

ప్రకటనల బెడద ఎక్కువైతే ఫోన్లో ఫైర్‌ఫాక్స్ అనే మరో బ్రౌజర్ వేసుకోవడమే మేలు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు తగిలించే అదనపు పనిముట్లు, పెట్టుకునే వీలు లేదు. ఫైర్‌ఫాక్స్‌లో మెనూ, ఎక్స్‌టెన్షన్స్ నొక్కి ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ చేర్చుకోండి, డబ్బు కట్టనక్కర్లేదు. కంప్యూటర్ క్రోమ్‌లో ఇప్పుడు దాని ‘లైట్’ అనే తేలిక రకమే పనిచేస్తుంది. ప్రభుత్వ సైట్లో మ్యాపు రాకపోతే ఎక్స్‌టెన్షన్ తీసేయకండి. అందులో పెద్దగా కనిపించే పవర్ గుర్తు నొక్కితే ఆ ఒక్క సైటుకే ఆగుతుంది. వార్తలు చదవడానికి, హంగులు తీసేసి వ్యాసం ఒక్కటే చూపే అడ్రస్ బార్‌లోని రీడర్ వ్యూ హాయి. అయితే నీటిమట్టాల పట్టికలు అందులో ఒక్కోసారి ఎగిరిపోతాయి, వాటిని మామూలు పేజీలోనే చూడాలి.

ఇక అసలు పని. బుక్‌మార్కుల్లో ‘వరద’ అని ఒక ఫోల్డరు పెట్టి, కేంద్ర జలసంఘం వరద అంచనాల పేజీ, వాతావరణ విభాగం పేజీ, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ పేజీ అందులో వేసుకోండి. నాలుగోది జిల్లా యంత్రాంగానిది చాలు, పది పేజీలు పెడితే మళ్లీ మొదటికొస్తుంది. కంప్యూటర్లో కంట్రోల్ నొక్కి ఉంచి ఫోల్డరు మీద క్లిక్ చేస్తే అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి.

ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. ఫోన్లో నిన్న తెరిచి వదిలేసిన ట్యాబ్‌ను ఇవాళ పైకి తెస్తే, నిన్నటి అంకే చల్లగా కనిపించవచ్చు. 11 అడుగులే కదా అని పశువుల్ని గట్టు మీదికి తోలకుండా ఊరుకుంటే ఏమవుతుందో లంక రైతుకు మేం చెప్పనక్కర్లేదు. పేజీని కిందికి లాగి రిఫ్రెష్ చేసి, అంకె పక్కనున్న గంట చూశాకే నమ్మాలి. కంప్యూటర్లో కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే పాత నకలు పక్కన పెట్టి కొత్తగా తెస్తుంది. కొన్ని రాడార్, ఉపగ్రహ చిత్రాల మీద యూటీసీ అనే అంతర్జాతీయ సమయం ఉంటుంది, మన సమయం కావాలంటే దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి.

రొయ్యల రేటు వెతికేవాళ్లకూ ఇదే చిక్కు. వంద కౌంటు (కిలోకు వంద రొయ్యలు తూగే సైజు) ధర అని కొడితే నిరుడు రాసింది పైన కూర్చుంటుంది. గూగుల్ టూల్స్‌లో ఎనీ టైమ్ బదులు గత 24 గంటలు ఎంచుకోండి. పాత వ్యాసానికే తేదీ మార్చి వదిలే సైట్లున్నాయి కాబట్టి, లోపలి పేరాలో రోజు ప్రస్తావన ఉందో లేదో కూడా చూడాలి.

పత్రికల వెబ్‌సైట్లకు రెండు మనవులు. లోపలికి అడుగుపెట్టగానే నోటిఫికేషన్ అనుమతి అడగడం మానండి. పాఠకులు అలో నొక్కడానికి అలవాటు పడుతున్నది అక్కడే. నీటిమట్టం వేసినప్పుడు శీర్షిక కిందనే అది ఎన్ని గంటలకు కొలిచిందో వేయండి. ‘తాజా’ అన్న మాట మర్నాటికి కూడా అలాగే ఉండిపోతోంది.

కంప్యూటర్ శిక్షణ, మరమ్మతు పనిలో ఉన్న కొందరు,
అమలాపురం, పాలకొల్లు