కేంద్ర హోం మంత్రి గారికి బహిరంగ లేఖ: మా తమ్ముడి చెవి మీ లెక్కలో లేదా?

అయ్యా,

నమస్కారం. అర్జీల మీద అర్జీలు పెట్టి, రశీదులు దాచుకుని, ఒక్కదానికీ జవాబు రాక ఈ లేఖ రాస్తున్నాను. పేలుళ్ల బాధితుల సాయం పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది? 2016లో 3 లక్షలను 5 లక్షలు చేశారు, సంతోషం. కానీ గాయపడి బతికినవాళ్లకు ఆ సాయం రావాలంటే కనీసం 50 శాతం శాశ్వత వైకల్యం ఉండాలట. నా గోడు అంతా ఆ 50 శాతం గురించే.

బెంగళూరులో పేలిన టైం బాంబుల్లో ఒకటి మా తమ్ముడికి తగిలింది. ఏ పేలుడో రాయను, ఆఫీసులో తలా ఒకరు అడగడం వాడికి ఇష్టం లేదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. తొడలో బోల్టు ముక్కలు దిగాయి. కొన్ని తీశారు, నరాల పక్కన ఉన్నవి కదిలిస్తే కాలికే ప్రమాదమని డాక్టర్లు వదిలేశారు.

రోజూ మెట్రో ఎక్కేటప్పుడు చేతి స్కానరు తొడ దగ్గరికి రాగానే కుయ్‌మంటుంది. జేబులో ఏముందని గార్డు అడుగుతాడు. వెనక క్యూ ఆగిపోతుంది. వీడు ఫోనులో ఎక్స్‌రే తీసి చూపిస్తాడు. గార్డు తప్పేం లేదు, ఆయన డ్యూటీ ఆయనది. కానీ బాంబు దెబ్బ తిన్నవాడినే బాంబు ఉందేమోనని తడుముతున్నారండీ. ఆ మిషనుకు తెలిసిన ఇనుము మీ పథకానికి తెలియదా?

వికలాంగుల సర్టిఫికెట్‌కు వెళ్తే, రెండో చెవి బాగుంది కాబట్టి వినికిడి లోపం కిందికి రాదన్నారు. చట్టం ప్రకారం రెండు చెవులూ దెబ్బతినాలట. కాలి సంగతి అడిగితే, నడుస్తున్నాడు కదా అన్నారు. అంతా కలిపినా 50కి చేరలేదు. ఆధార్ గుంటూరుదని ఇక్కడి ఆఫీసు అక్కడికి పొమ్మంది. పేలుడు మా జిల్లాలో జరగలేదని అక్కడివాళ్లు ఇక్కడికే పొమ్మన్నారు. రాత్రిళ్లు చెవిలో హోరు, నిద్ర ఉండదు. ఎడమవైపు బండి హారన్ కొట్టినా తెలియదు. సిల్క్ బోర్డు కూడలి దగ్గర రోడ్డు దాటాలంటే ఇంత మనిషి చెయ్యి నేను పట్టుకోవాలి. దీనికెంత శాతం వేస్తారు?

టైం బాంబు ఎవరికోసం పెట్టారో వాళ్లకే తగులుతుందని లేదు సార్. 1875లో జర్మనీలో ఒకడు బీమా సొమ్ముకు ఆశపడి, ఓడ నడిసముద్రంలో ఉండగా పేలేలా గడియారం బిగించిన పీపా పంపితే, అది బ్రెమర్‌హావెన్ రేవులోనే పేలి సుమారు 80 మంది పోయారు. 1939లో మ్యూనిక్‌లో హిట్లర్ కోసం పెట్టింది, ఆయన వెళ్లిపోయిన 13 నిమిషాలకు పేలింది. పోయిన 8 మందిలో అక్కడ వడ్డించే ఆవిడ ఒకరు. 1984లో మద్రాసు మీనంబాక్కం విమానాశ్రయంలో, కొలంబో చేరాల్సిన సూట్‌కేసులు అక్కడే పేలాయి. 2014 మే 1న చెన్నై సెంట్రల్‌లో, ఆలస్యంగా వచ్చి ఆగిన గువాహటి రైల్లో పేలితే, ఇంటికి వెళ్తున్న మన తెలుగమ్మాయి పోయింది. ఆ వార్త చూసి మా అమ్మ అన్నం ముట్టలేదు.

పెట్టినవాడు టైము పెట్టి వెళ్లిపోతాడు. ఆ నిమిషానికి అక్కడ ఎవరుంటే వాళ్లే బలి. దేశం మీద వేసిన దెబ్బ వాళ్ల ఒంటిమీద పడింది. సగం ఒళ్లు పోతేనే బాధితుడంటే ఎలాగండీ?

2024 మార్చి 1న బెంగళూరు రామేశ్వరం కెఫేలో టైమరుతో బాంబు పేల్చినవాళ్లను జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ ఆరు వారాల్లో పశ్చిమ బెంగాల్‌లో పట్టుకుంది. ఆ వేగానికి చేతులెత్తి దండం పెడతాను. అందులో కొంచెం గాయపడ్డవాళ్ల కాగితాల మీద చూపించండి.

50 శాతం నిబంధన తీసేయండి. తీసేయలేకపోతే తగ్గించండి. ఒక్క చెవి పోయినా లెక్కలో వేయండి. ఒంట్లో ముక్కలు మిగిలినవాళ్లకు జీవితాంతం వైద్యం, మెట్రోలో చూపించుకోవడానికి ఒక కార్డు ఇప్పించండి. ఏ ఊరి ఆఫీసు అర్జీ తీసుకోవాలో తేల్చి చెప్పండి. ఆ 50 శాతం గురించి మాత్రం ఆలోచించండి సార్, మీ కాళ్లు పట్టుకుంటాను.

ఇట్లు,
ఒక బాధితుడి అన్న,
బెంగళూరు