క్రీడల మంత్రి గారూ, మా టెన్నిస్ కోర్టు మీద మేకులు లేచాయి

గౌరవనీయులైన క్రీడల శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఇప్పటికి నాలుగు అర్జీలు ఇచ్చాను. నాలుగింటికీ రసీదులున్నాయి, జవాబు ఒక్కదానికీ లేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను, తప్పయితే మన్నించండి.

పదకొండేళ్లు ప్రొఫెషనల్ టెన్నిస్ ఆడాను సార్. మా రోజుల్లో ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అట్టడుగు మెట్టయిన పదివేల డాలర్ల ఫ్యూచర్స్ టోర్నీలో మొదటి రౌండ్ ఓడితే 117.50 డాలర్లు, గెలిస్తే ప్రపంచ ర్యాంకింగ్‌కి లెక్కేసే ఏటీపీ పాయింటు ఒక్కటి. ఆ పాయింటు కోసం కిట్ బ్యాగు తలకింద పెట్టుకుని స్లీపర్ బోగీల్లో ఎన్ని ఊళ్లు తిరిగానో లెక్కలేదు. నాన్న అమ్మేసిన పొలం సంగతి ఇక్కడ వద్దులెండి. భుజం దెబ్బతిన్నాక సొంతూరికొచ్చి మీ పథకంలో కోచ్‌గా చేరాను. ఎనిమిది నెలలుగా గౌరవ వేతనం లేదు, దాని గురించి కూడా కాదు ఈ ఉత్తరం.

కోర్టు గురించి. బేస్‌లైన్, అంటే కోర్టు చివరి గీత దగ్గర ఎర్రమట్టి కొట్టుకుపోయి కంకర తేలింది, బంతి అక్కడ పడితే ఎటు పోతుందో తెలియదు. లైన్ టేపులకు కొట్టిన మేకులు పైకి లేచాయి. మొన్న పన్నెండేళ్ల పాప బంతి కోసం సాగి పడితే మేకు గీసుకుని మోకాలికి మూడు కుట్లు పడ్డాయి. వాళ్లమ్మ నన్నేమీ అనలేదు, పాపను ఎత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ పంపలేదు. బోరు మోటారు కాలిపోయింది, పొద్దున్నే బకెట్లతో మేమే నీళ్లు చల్లుకుంటున్నాం. రోలర్ హ్యాండిల్ విరిగితే తాడు కట్టి నేనూ, పిల్లలూ లాగుతున్నాం. నెట్ ఎన్నిసార్లు కుట్టానో.

మూడు సింథటిక్ కోర్టులు వేస్తామని శిలాఫలకం వేసి వెళ్లారు. ఆ ఫలకం ఇంకా ఉంది సార్. మా పిల్లలు హైదరాబాద్‌లో గట్టి సింథటిక్ నేల ఉండే హార్డ్‌కోర్టు మీద టోర్నీ ఆడితే, బంతి వచ్చే వేగం అర్థమయ్యేలోపే సెట్ అయిపోతోంది. 6-0 తో ఓడి వచ్చిన పిల్లాడికి తప్పు నీది కాదని ఎలా చెప్పను?

సభల్లో సానియా పేరు చెబుతారు, ఉయ్యూరు నుంచి వెళ్లి 2014 ఏషియాడ్‌లో ఆమెతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారం తెచ్చిన సాకేత్ మైనేని పేరు చెబుతారు. తర్వాతి వాళ్లు ఎక్కడ ఆడి పైకి రావాలండీ? ఆఫీసుకెళితే ఫైలు నడుస్తోందంటారు. రెండేళ్లుగా నడుస్తూనే ఉంది.

దయచేసి ఒక్కసారి వచ్చి చూడండి. పొద్దున అయిదున్నరకే మేం అక్కడ ఉంటాం. సింథటిక్ కోర్టులు తర్వాతైనా వేయండి, వానలు పడేలోపు నాలుగు లారీల మట్టి, లైన్లకు కొత్త టేపులు, ఒక మోటారు పంపించండి. మట్టి పరుచుకునే పని మేమే చేసుకుంటాం.

మీ జిల్లా టెన్నిస్ కోచ్