ఒకే చోడి చేను, రెండు రంగులు: గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను పాడేరు ఏజెన్సీలో పుట్టి పెరిగినవాణ్ణి. ఉపగ్రహ చిత్రాలను చదివి, నేల మీద ఏముందో పటాలుగా గీయడం నా వృత్తి. మబ్బులను దాటి చూడగల రాడార్ చిత్రాలు ఇప్పుడు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. మా కొండలకు కూడా వాటితోనే భూమి పటాలు తయారు చేయాలన్న ఆలోచన బలపడుతోంది. అది మంచిదే. అయితే కొండ వాలు వల్ల వచ్చే తేడాను సవరించకుండా, ఊరివాళ్లకు చూపించకుండా గీసిన రాడార్ పటాన్ని చూసి ఏ గిరిజన కుటుంబం భూమి గురించీ నిర్ణయం తీసుకోకూడదని మీరు ఉత్తర్వు ఇవ్వాలి. ఈ లేఖ రాస్తున్నది అందుకే.

నిరుడు శ్రావణంలో జి.మాడుగుల వైపు ఒక కొండ ఎక్కాను. రాత్రంతా కురిసిన వాన అప్పుడే తెరిపి ఇచ్చింది. కొండ నడుమ సాగే గట్టుకు అటూ ఇటూ చోడి (రాగి) చేను మోకాలి ఎత్తున ఉంది. తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టుకున్న ఒక పటం నా చేతిలో ఉంది. ఒక కార్యాలయంలో గోడకు అంటించి ఉంటే అడిగి నకలు తెచ్చుకున్నాను. ఆ పటంలో గట్టుకు తూర్పున ఉన్న చేను ముదురు ఆకుపచ్చగా ఉంది. అంటే అడవి అని లెక్క. పడమట ఉన్న చేను గోధుమరంగులో ఉంది. అంటే బీడు. చేను యజమాని, వయసు మళ్లిన ఒక తల్లి, పటం వంక చాలాసేపు చూసింది. "ఒకే విత్తనం బాబూ. అటూ ఇటూ ఒకే రోజు చల్లాం" అంది.

ఆ చేనుకు హక్కు పత్రం కోసం పెట్టుకున్న దరఖాస్తు రసీదు ఆమె ఇంట్లో రేకు పెట్టెలో ఉంది. పటాన్ని నమ్మితే ఆ ఇంటివాళ్లు తూర్పు వాలున సాగు చేయడం లేదు, అక్కడ అడవి ఉంది. పడమటి వాలునా సాగు చేయడం లేదు, అక్కడ బీడు ఉంది. కాళ్ల కింద మొలిచి ఉన్న పంట మాత్రం పటంలో ఎక్కడా లేదు.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదని నాకు తెలుసు. ఈ పని కొత్తగా నేర్చుకున్నప్పుడు నేనూ ఇదే తప్పు చేశాను. ఆ తప్పు ఎలా జరుగుతుందో మీకు వివరించాలి.

ఆ పటానికి ఆధారమైన చిత్రం యూరప్ వారి సెంటినెల్-1 అనే రాడార్ ఉపగ్రహం తీసింది. రాడార్ సూర్యుడి వెలుగు కోసం ఎదురుచూడదు. తన తరంగాలను తానే పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనిని కొలుచుకుంటుంది. అందుకే దానికి రాత్రీ ఒకటే, మబ్బూ ఒకటే. కానీ అది నిటారుగా కిందికి చూడదు, పక్కకు చూస్తుంది. ఉదయం ఆరు గంటల ప్రాంతంలో ఉత్తరం నుంచి దక్షిణానికి పోతూ, తన కుడివైపుకు, అంటే పడమటి దిక్కుగా తరంగాలను పంపుతుంది. పొద్దుటి ఎండ కొండ మీద ఎలా పడుతుందో తలచుకోండి. తూర్పు వాలు మీద నిండుగా పడుతుంది, పడమటి వాలు మీద ఏటవాలుగా జారిపోతుంది. రాడార్ తరంగాలూ అంతే. తూర్పు వాలు నుంచి బలమైన ప్రతిధ్వని వస్తే కంప్యూటర్ దాన్ని దట్టమైన చెట్లు అనుకుంటుంది. పడమటి వాలు నుంచి బలహీనంగా వస్తే ఖాళీ నేల అనుకుంటుంది. అడవికీ పంటకూ మధ్య ఉండే తేడా కంటే, తూర్పు వాలుకూ పడమటి వాలుకూ మధ్య వచ్చే తేడాయే చాలాసార్లు ఎక్కువ.

వాలు మరీ నిటారుగా ఉంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఉపగ్రహానికి కొండ పాదం కంటే కొమ్ము దగ్గరగా ఉంటుంది కాబట్టి కొమ్ము ప్రతిధ్వనే ముందు చేరుతుంది. చిత్రంలో కొండ బోర్లా పడినట్టు ఉంటుంది. పైన ఉన్న రాతి కొమ్మూ, కింద గెడ్డ (వాగు) పక్కన ఉన్న వరి మడీ చిత్రంలో ఒకే చుక్కలో (పిక్సెల్‌లో) కలిసిపోతాయి. కలిసిపోయిన వాటిని ఆ ఒక్క చిత్రం నుంచి ఎంత తెలివైన కంప్యూటరూ విడదీయలేదు. కొండకు అవతల, లోతైన లోయల్లో కొన్ని చోట్ల తరంగమే పడదు.

దీనికి మందు లేకపోలేదు. సవరణలో రెండు మెట్లున్నాయి. ప్రతి చుక్కనూ నేల మీద దాని అసలు చోటికి జరపడం మొదటిది. వాలు వల్ల ఆ చుక్కలో ఎంత నేల ఇమిడిందో లెక్కగట్టి దాని వెలుగును సరిదిద్దడం రెండోది. మొదటి మెట్టు దగ్గర ఆగిపోతే చిత్రం మామూలు పటం మీద చక్కగా కూర్చుంటుంది. గెడ్డ గెడ్డ మీద పడుతుంది, రోడ్డు రోడ్డు మీద పడుతుంది. చూసినవాళ్లు సరిగ్గా ఉందనే అంటారు. వెలుగులో దాగిన కొండ అబద్ధం మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆ తల్లి చేను విషయంలో జరిగింది ఇదే. పటంలో ఆమె చేను సరైన చోటే ఉంది, రంగే తప్పు.

రెండో మెట్టు పద్ధతిని జ్యూరిచ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు డేవిడ్ స్మాల్ 2011లోనే ప్రచురించారు. దానికి కావలసిన ఎత్తుల వివరాలు కూడా మన దగ్గర ఉన్నాయి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక నుంచి 11 రోజులు కొలిచినవి ఉన్నాయి. 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన కార్టోశాట్-1 చిత్రాలతో తయారైనవీ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఖర్చు లేని పనిని చేయకుండా వదిలేస్తున్నారన్నదే నా బాధ.

ఇంత చెప్పాక రాడార్ మాకు వద్దంటున్నానని అనుకోకండి. అది మాకే అందరికంటే ఎక్కువ అవసరం. పోడు చేసేవాళ్లు చలికాలం చివర పొదలు నరుకుతారు, ఎండల్లో కాలుస్తారు, తొలకరి పడగానే చోడి, సామ, కంది చల్లుతారు. పంట ఎదిగే నాలుగు నెలలూ మా కొండల మీద మబ్బే. మబ్బు విడిచేసరికి చాలా చేలు కోతకు వచ్చేస్తాయి. మామూలు కెమెరా ఉన్న ఉపగ్రహాలు మా పంటను చేను మీద ఉండగా చూసింది చాలా తక్కువ. భారత అటవీ సర్వే రెండేళ్లకోసారి ఇచ్చే నివేదికకు ఎక్కువగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల చిత్రాలనే వాడతారు. పైగా ఆ లెక్కలో, చెట్ల గొడుగు పది శాతం మించిన, హెక్టారుకు తగ్గని నేల ఎవరిదైనా, ఎందుకు వాడుతున్నా అటవీ విస్తీర్ణమే. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్టుకు పాకించిన మిరియపు తీగ, ఇవన్నీ కళ్లెదుట ఉన్న తోట కూడా అందులో అడవిగానే చేరుతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా పన్నెండు రోజులకోసారి వచ్చే రాడార్ చిత్రాలను వరసగా పేర్చి చూస్తే కథ మారుతుంది. విత్తనం పడిన రోజుల నుంచి కోత దాకా చేను ఎలా మారిందో కనిపిస్తుంది. అడవి అంతగా మారదు, చేను మారుతుంది.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహం మీద నాకు చాలా ఆశ ఉంది. సెంటినెల్ తరంగం 5.5 సెంటీమీటర్లే కాబట్టి పై ఆకుల దగ్గరే ఆగిపోతుంది. నైసార్‌లో నాసా అమర్చిన రాడార్ తరంగం 24 సెంటీమీటర్లు. అది ఆకులను దాటి కొమ్మలను, బోదెలను తాకి వస్తుంది. ఇస్రో అమర్చిన మరో రాడార్ తరంగం ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. సిల్వర్ ఓక్ తోటకూ సహజమైన అడవికీ తేడా పట్టుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం మనకు ఇంతవరకు రాలేదు. కానీ నైసార్ కూడా పక్కకే చూస్తుంది. కొండ దానితోనూ అదే అబద్ధం చెబుతుంది.

ఇక చట్టం సంగతి. అటవీ హక్కుల చట్టం కింద గిరిజనులు 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నారా లేదా అన్నదే చూడాలి. సెంటినెల్-1 మొదటి ఉపగ్రహం ఆకాశంలోకి వెళ్లింది 2014 ఏప్రిల్ 3న. 2005లో ఎవరు ఏ వాలున దున్నారో చెప్పే శక్తి ఆ చిత్రాలకు లేనే లేదు. ఇంకో మాట. పోడు భూమిని కొన్నేళ్లు సాగు చేసి, కొన్నేళ్లు బీడు పెడతారు. బీడు పెట్టిన మూడో ఏటికే పొదలు తలెత్తుకు పెరుగుతాయి. ఆ ఏడు తీసిన ఒక్క చిత్రం చూసినవాళ్లు అడవి అంటారు. 2012లో సవరించిన నియమాలు స్పష్టంగానే ఉన్నాయి. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు కావచ్చు గాని, వాటి స్థానంలో నిలబడకూడదు. ఊరి పెద్దల వాంగ్మూలం, పాత గట్లు, సమాధులు, చేతితో నాటిన చింతచెట్టు, వీటికి ఉన్న విలువను పటం తీసేయలేదు.

2019 ఫిబ్రవరి 13న, దరఖాస్తులు తిరస్కరణకు గురైనవాళ్లను ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంలోనే, ఉపగ్రహ సర్వే చేయమని భారత అటవీ సర్వేకు చెప్పారు. ఖాళీ చేయించడంపై ఆ నెల 28న స్టే వచ్చింది. ఆ రెండు వారాలు మా ఊళ్లో జనం కంటినిండా నిద్రపోలేదు. ఉపగ్రహం అన్న మాట అప్పటి నుంచి మా వాళ్లకు భయం పుట్టించే మాట అయింది. అది వాళ్లకు అండగా నిలిచే మాట కావాలని నా కోరిక.

అందుకే అడుగుతున్నాను. కొండ ప్రాంతాల పటం ఏదైనా సరే, ఉదయం పోయేటప్పుడు తీసిన చిత్రాన్నీ, సాయంత్రం ఎదురు దిక్కు నుంచి తీసిన చిత్రాన్నీ కలిపి, వాలు సవరణ చేశాకే గీయాలి. రెండింటికీ అందని చోటును అడవి అనో బీడు అనో ఊహించి రాయకుండా, 'కనిపించలేదు' అని బూడిదరంగు వేయాలి. అంతకంటే నిజాయితీ గల రంగు లేదు. పటంలో వాడే పేర్లు మా వాళ్లు పలికే పేర్లు కావాలి: పల్లం, గరువు (మెట్ట), కొండపోడు, బీడు పెట్టిన పోడు, కాఫీ తోట, అడవి. అర ఎకరం చేను రాడార్ చిత్రంలో ఇరవై చుక్కలు మాత్రమే. ఎత్తుల పటంలో అయితే రెండు గళ్లు. అంత చిన్న చేను గురించి పటం ఒక్కటే తీర్పు చెప్పలేదని పటం మీదే ముద్రించాలి.

పటం సరిగ్గా ఉందో లేదో చూడటానికి వెళ్లే పద్ధతి కూడా మారాలి. జీపు ఆగిన చోట దిగి, నాలుగు గుర్తులు పెట్టుకుని వచ్చేస్తారు. రోడ్డు ఎక్కువగా పల్లంలో ఉంటుంది. పల్లంలో రాడార్ పెద్దగా తప్పు చేయదు. అందుకే కాగితం మీద పటం ఎంతో కచ్చితంగా తేలుతుంది, కొండ మీద అంత తప్పుగా ఉంటుంది. తూర్పు వాలున ఎన్ని గుర్తులు తీస్తే పడమటి వాలునా అన్నే తీయాలి. డిగ్రీ చదివి ఊళ్లో ఉంటున్న మా పిల్లలకు వారం రోజులు నేర్పితే ఫోనుతో ఈ పని చేసి పెడతారు. వాళ్లకు ఏ గట్టు ఎవరిదో, ఏ బీడు ఎన్నేళ్లదో ముందే తెలుసు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంలో వాళ్లకు నేర్పగలిగిన నిపుణులు ఉన్నారు. మీరు ఒక లేఖ రాస్తే చాలు. తయారైన పటాన్ని గ్రామసభలో పరిచి, చేను చేను చదివి వినిపించి, అభ్యంతరాలు రాసుకున్నాకే అది ఫైలులోకి వెళ్లాలి.

తొలకరికి ముందే మీ ఉత్తర్వు వస్తే ఈ వానాకాలమే పని మొదలుపెట్టవచ్చు. ఆ తల్లి చేను గట్టు మీద నేను నమోదు చేసిన గుర్తులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. తూర్పున పదకొండు, పడమట పదకొండు. మీ శాఖ అధికారులను పంపితే నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్తాను. జీపు దిగాక గంటన్నర నడక.

ఇట్లు,
పాడేరు ఏజెన్సీ బిడ్డ,
ఉపగ్రహ చిత్రాలు చదివే ఒక పౌరుడు