వార్షిక నివేదిక 2024–25: పెళ్లి పళ్లెంలో సిగరెట్ల సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాల మరమ్మతు, చెరువు గట్టు మీద మొక్కలు, పదో తరగతి పిల్లలకు సాయంత్రం ట్యూషన్ ఈ ఏడాది కూడా ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల కాగితం విడిగా జతచేశాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు పొగ మాన్పించే పనికే ఇస్తున్నాం. సంఘం ఎక్కువ మాటలు పడ్డదీ, ఎక్కువ మెప్పు పొందిందీ దాని వల్లే.

గత సర్వసభ్య సమావేశంలో ముందుగా బోర్డులు పెట్టాలన్నారు. పెట్టాం. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా అనీ, బడికి వంద గజాల లోపు అమ్మకూడదనీ, 18 ఏళ్లు నిండని వాళ్లకు అసలు అమ్మకూడదనీ రాయించాం. ఇవన్నీ 2003 నాటి చట్టంలో ఉన్నవే. బహిరంగ ప్రదేశాల నిబంధనలు 2008 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్నాయి. రామాలయం దగ్గర ఆ బోర్డు కిందే కూర్చుని బీడీ ముట్టించిన వాళ్లను అందరం చూశాం. ఏమని అడుగుతాం? కూర్చున్నది వరసకు మామో, పెదనాన్నో అవుతాడు.

మన ఊళ్లో పొగకు అడ్డు పడేది వరసే, చట్టం కాదు. బావమరిది ముందు దర్జాగా దమ్ము కొట్టేవాడు తండ్రి కనిపిస్తే సిగరెట్ వీపు వెనక్కి పెడతాడు. మామగారు వస్తే పారేస్తాడు. అది ఆరోగ్యం మీద భయం కాదు, పెద్దల మీద గౌరవం. ఆ తండ్రే మనవణ్ణి కిళ్లీ కొట్టుకు పంపి బీడీ కట్ట తెప్పించుకుంటాడు. దాన్ని మాత్రం ఎవరూ తప్పనరు.

ఇలాంటి అలవాట్లు మారవని కమిటీలో కొందరు వాదించారు. వాళ్లకు మన అమ్మమ్మల అడ్డపొగే జవాబు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఒకప్పుడు ఆడవాళ్లకు మామూలు విషయం. 1960ల చివర్లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పరిశోధకులు మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి నోళ్లు పరీక్షించారు. అడ్డపొగ తాగేవాళ్లకు అంగిట్లో మచ్చలు, పుళ్లు, క్యాన్సర్ వస్తున్నట్టు అప్పుడే రాశారు. ఇప్పుడు మన ఊళ్లో అడ్డపొగ తాగేవాళ్లంతా ముసలమ్మలే. కోడళ్లు దాని జోలికి పోలేదు. ఏ బోర్డూ చూసి కాదు, ‘అది ముసలాళ్ల పని, మోటు పని’ అనే మాట ఊళ్లో పడిపోయింది గనక. కాకపోతే ఆ సిగ్గు ఆడవాళ్ల దగ్గరే ఆగిపోయింది. మగవాళ్లు మాత్రం చుట్ట నుంచి బీడీకి, బీడీ నుంచి సిగరెట్‌కు వచ్చారు. గుజరాత్‌లోని వెరావల్ రేవుకు చేపల బోట్ల మీద పనికి వెళ్లిన కుర్రాళ్లు సంక్రాంతికి వచ్చి సిగరెట్ పెట్టె తీసి నలుగురికీ పంచితే, బాగా సంపాదిస్తున్నాడని లెక్క.

అందుకే ఈ ఏడాది తాగేవాణ్ణి వదిలేసి, ఇచ్చేవాడి దగ్గరకు వెళ్లాం. పెళ్లిలో మగపెళ్లివారి విడిదింటికి కిళ్లీలతో పాటు సిగరెట్ పెట్టెలు పళ్లెంలో పెట్టి పంపడం ఇక్కడ మర్యాద. తాగని వాడు కూడా ఒకటి తీసి జేబులో వేసుకుంటాడు, కాదంటే బాగోదని. మీసాలు రాని పిల్లలు మొదటిసారి రుచి చూసేది ఆ పళ్లెంలోదే. పెళ్లి పెట్టుకున్న ఇళ్లకు వెళ్లి అడిగితే అందరి నుంచీ ఒకటే మాట: “మాకేటి బావూ, అవతలోళ్లు ఏటనుకుంటారో!” పిల్లనిచ్చే తండ్రికి ఆ భయం ఉండడం న్యాయమే. అందుకని ఆ మాట అతని చేత చెప్పించలేదు. సంఘం పెద్దలే ముందుగా మగపెళ్లివారి ఊరికి వెళ్లి, ఇది మా ఊరి కట్టుబాటు, మీకు చేసే మర్యాదలో లోటు కాదు అని చెప్పి వచ్చారు. పళ్లెంలో సోంపు, యాలకులు, ఖర్జూరాలు పెట్టించాం. చాలాచోట్ల ఎవరూ పట్టించుకోలేదు. ఒక పెళ్లిలో మాత్రం పెళ్లికొడుకు మేనమామ అప్పగింతల దాకా సణుగుతూనే ఉన్నాడు. ఆ ఖర్చు మిగిలిందని డ్వాక్రా గ్రూపుల ఆడవాళ్లు సంతోషించారు. నిజానికి సగం ఇళ్లలో పని జరిగింది వాళ్ల మాట మీదే.

చావు ఇంట్లో రాత్రి కూర్చునేవాళ్లకు బీడీ కట్టలు పంచే పద్ధతి జోలికి వెళ్లలేదు. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లి నీతులు చెప్పడం సరికాదని కమిటీ నిర్ణయం. దాని మీద చర్చ కావాలనుకునే సభ్యులు సమావేశంలో లేవనెత్తవచ్చు.

కిళ్లీ కొట్ల సంగతి. 2016 నుంచి సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉంటోంది. తర్వాత మానడానికి సాయం చేసే ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356 కూడా వేస్తున్నారు. మన ఊళ్లో పెట్టె కొనేవాళ్లు తక్కువ, అందరూ విడిగా ఒకటీ రెండూ కొంటారు. బొమ్మా నంబరూ కొట్టువాడి దగ్గరే ఉండిపోతాయి. అందుకే ఆ నంబరును పాల కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం.

నోటి పరీక్షల శిబిరానికి మగవాళ్లు మొహమాటపడ్డారు, ముసలమ్మలే ముందు వచ్చారు. అంగిట్లో మచ్చలు కనిపించిన వాళ్లను విశాఖ పంపాం. బస్సు చార్జీలు సంఘమే పెట్టుకుంది.

వచ్చే ఏడాదికి కమిటీ పెడుతున్న తీర్మానాలు రెండు: సంక్రాంతి ఆటల పోటీల్లో సిగరెట్లు పంచే వాళ్ల నుంచి చందా తీసుకోకూడదు, మాఘమాసంలో పెళ్లిళ్లు ఉన్నవాళ్లు ముహూర్తం పెట్టుకోగానే కార్యదర్శికి చెప్పాలి, అవతలి ఊరికి వెళ్లి మాట్లాడడానికి మనకు కనీసం రెండు వారాలు కావాలి.

ఇట్లు,
కార్యదర్శి