మా డీటీపీ సెక్షన్ తరఫున ఆ తమ్ముడికి పెద్ద థాంక్స్

విజయవాడలో మాది చిన్న ప్రెస్సు, పుస్తకాలు, సావనీర్లు, పెళ్ళి కార్డులు అన్నీ వేస్తాం. మా ప్రూఫ్‌రీడర్ మాస్టారి మేనల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పండక్కి వచ్చినవాడు ఊరికే కూర్చోకుండా మా డీటీపీ సెక్షన్ (కంప్యూటర్లో మేటర్ కొట్టి పేజీలు కట్టే విభాగం) మొత్తం ఒక దారికి తెచ్చి వెళ్ళాడు. పేరు రాయొద్దన్నాడు, రాయట్లేదు, థాంక్స్ మాత్రం అందరి ముందూ చెప్పాలి కదా.

మా బాధ డీటీపీ వాళ్ళందరికీ తెలిసిందే. పేజ్‌మేకర్‌లో (పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్) అను అనే తెలుగు ఫాంట్లతో కొట్టిన మేటర్ రచయితకి పంపితే ఆయన సిస్టమ్‌లో ఆ ఫాంట్ ఉండదు, అన్నీ పిచ్చి అక్షరాలే, అందుకని పీడీఎఫ్ పంపడం, ఆయన ప్రింటు తీసి ఎర్ర పెన్నుతో దిద్ది వాట్సాప్‌లో ఫోటోలు పెట్టడం, ఈలోపు మాస్టారు ఇంకో కాపీ మీద దిద్దడం, రెండూ కలిపి ఎక్కించేసరికి ఆపరేటర్ అమ్మాయికి తల ప్రాణం తోకకొచ్చేది.

తమ్ముడు కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ కొనిపించలేదండీ. మేటర్ అంతా యూనికోడ్‌లో (ఒక ఫాంటుకే కట్టుబడని తెలుగు), గూగుల్ డాక్స్‌లో ఉండాలి, దిద్దుబాట్లు అక్కడే అయిపోవాలి, ఆ తర్వాతే పేజీలు కట్టాలి అన్నాడు, అంతే. రచయితకి కామెంటర్ పర్మిషన్ ఇచ్చాం, అంటే కామెంట్లు పెట్టొచ్చు, మేటర్ నేరుగా మార్చలేరు. మాస్టారు సజెస్టింగ్ మోడ్‌లో దిద్దుతారు, ఏది కొట్టేశారో ఏది చేర్చారో రంగులో కనిపిస్తుంది, ఆపరేటర్ టిక్కు నొక్కితే చాలు. ఒక్కో ప్రూఫ్ అవ్వగానే వెర్షన్ హిస్టరీలో ఫస్ట్ ప్రూఫ్, సెకండ్ ప్రూఫ్ అని పేరు పెట్టడం అలవాటు చేశాడు, ఇప్పుడు ఏ రచయితైనా "ఈ వాక్యం నేను తీయమనలేదే" అంటే తీసి చూపించేస్తున్నాం (నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే). ఫైళ్ళన్నీ ప్రెస్సు పేరు మీదున్న ఒకే జీమెయిల్‌లో, దానికి టూ స్టెప్ వెరిఫికేషన్, ఎవరు ఉద్యోగం మానేసినా ఫైళ్ళు మన దగ్గరే.

ఆపిల్ కీబోర్డు (అనులో ఉండే ఒక కీ లేఅవుట్) మీద చెయ్యి తిరిగిన సీనియర్ ఆపరేటర్ గారిని మాత్రం మారమనలేదు, ఆయన అనులోనే కొట్టి కన్వర్టర్‌తో యూనికోడ్ చేస్తారు, అక్కడక్కడా వత్తులు తేడా కొడతాయి, ఎలాగూ ప్రూఫ్ ఉందిగా. కొత్తవాళ్ళకి విండోస్ 10లో 2019 అప్‌డేట్‌తో వచ్చిన తెలుగు ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లీషు అక్షరాల్లో పలికినట్టు కొడితే తెలుగు వచ్చేది) పెట్టాడు, విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కితే భాష మారిపోతుంది.

ఇంకోటి, ఇన్‌డిజైన్ (ఇదీ పేజీలు కట్టే సాఫ్ట్‌వేరే) మా దగ్గర ఎప్పట్నుంచో ఉంది, కానీ యూనికోడ్ తెలుగు అందులో పెడితే వత్తులు ఒకచోట అక్షరం ఒకచోట, అందుకే పేజ్‌మేకర్ వదల్లేదు. తీరా చూస్తే ఒక్క సెట్టింగు! కంపోజర్ (అక్షరాలు, లైన్లు పేర్చే సెట్టింగు) దగ్గర అడోబీ వరల్డ్ రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోవాలంట, దాన్ని పారాగ్రాఫ్ స్టైల్‌లోనే కూర్చోబెట్టేశాడు, ఇక ప్రతిసారీ మార్చే పని లేదు.

ఫీజు ఎంత అంటే మామయ్య కవితల పుస్తకం ఫ్రీగా వేయండి చాలన్నాడు. మేం రెడీ, మాస్టారే నోటుబుక్కు బయటికి తియ్యట్లేదు. ఈలోగా పాత సీడీల్లో ఉన్న పేజ్‌మేకర్ ఫైళ్ళు మార్చడం మొదలుపెట్టాం, డౌటొస్తే వీడియో కాల్ చేస్తాం, ఎత్తు తమ్ముడూ.